నడుం నొప్పికి మూలం అరికాలిలో ఉంటే...

క్యాన్సర్ చికిత్స గురించి ఈమధ్య కొన్ని మంచి వార్తలు విన్నాం. మూడేళ్లలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అందులో 200 కేంద్రాలు ఆ ఒక్క ఏడాదిలోనే అన్నారు. క్యాన్సర్‌కూ, ఇతర తీవ్రమైన జబ్బులకూ వాడే 36 మందుల మీద కస్టమ్స్ సుంకాన్ని అదే బడ్జెట్‌లో పూర్తిగా ఎత్తేశారు. పెంబ్రోలిజుమాబ్ అనే ఖరీదైన ఇమ్యునోథెరపీ మందుకు ఈ మినహాయింపు 2023 ఏప్రిల్ నుంచే ఉంది. కీమో సెలైన్ కోసం మూడు వారాలకోసారి తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్‌కో విశాఖపట్నానికో వెళ్లే కుటుంబాలకు ఇవి చిన్న విషయాలు కావు.

అయితే ఈ సదుపాయాలన్నీ ‘ఇది క్యాన్సర్’ అని తేలిన తర్వాత పనికొచ్చేవి. తేలడానికి ముందు రోగి తిరిగే దారి సంగతేమిటి? ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, మందుల షాపు, ఎముకల డాక్టరు, మళ్లీ ఆర్‌ఎంపీ అంటూ సాగే ఆ నాలుగైదు నెలల గురించి బడ్జెట్ ప్రసంగాలు చెప్పవు. ఆ దారి ఎలా ఉంటుందో చూపించడానికి ఒక అరుదైన జబ్బును తీసుకుంటున్నాను. చర్మం మీద పుట్టి, వెన్నులో బయటపడే మెలనోమా. మన దేశంలో ఇది లక్ష మందిలో ఏడాదికి ఒకరికి కూడా రాదు. కానీ అది పట్టుబడకుండా తప్పించుకునే తీరు చూస్తే, మిగతా క్యాన్సర్ల విషయంలో కూడా మనం ఎక్కడ వెనకబడుతున్నామో తెలుస్తుంది.

ఎండతో సంబంధం లేని రకం

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాల్లో పుట్టే క్యాన్సరే మెలనోమా. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3,25,000 మందికి కొత్తగా వచ్చింది, దాదాపు 57,000 మంది చనిపోయారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో అన్నిటికంటే ఎక్కువ. తెల్లని చర్మం, తీవ్రమైన ఎండ ఒకచోట కలిస్తే వచ్చే జబ్బుగా దీనికి పేరు. అందుకే సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు ఫోన్ చేసి ‘నాన్నా, పొలం వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకో’ అంటుంటారు. వాళ్ల ప్రేమను కాదనను. కానీ మనవాళ్లలో ఎక్కువగా కనిపించే మెలనోమా ఎండ తగిలే చోట రాదు. అరికాలిలో, మడమ మీద, అరచేతిలో, గోరు కింద వస్తుంది. దీన్ని అక్రల్ మెలనోమా అంటారు. దీనికి టోపీ, క్రీము అడ్డుపడవు.

ఈ రకానికి బలైనవారిలో ప్రపంచమంతా ఎరిగిన పేరు జమైకా గాయకుడు బాబ్ మార్లీ. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద మచ్చ కనిపించింది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు. పరీక్షలో మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. గోరు భాగం వరకు తీసి, చర్మం అతికించారు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరుగు తీస్తూ కుప్పకూలాడు. అప్పటికే జబ్బు మెదడుకు చేరింది. 1981 మే 11న మయామీలో కన్నుమూశాడు. వయసు 36. ‘దెబ్బ తగిలింది, అదే మానుతుంది’ అనే మాట ఆయన దగ్గరే ఆగిపోలేదు. మన వరిమళ్లలో, పత్తి చేలలో అది ‘ముల్లు గుచ్చుకుంది’ అవుతుంది. ‘ఆనెకాయ’ అవుతుంది. ‘గోరు చితికి రక్తం గడ్డకట్టింది’ అవుతుంది.

కాలి నుంచి వెన్నుకు ఎలా?

మెలనోమా ప్రమాదం దాని వెడల్పు కంటే లోతులో ఎక్కువ. చర్మంలోకి ఒక మిల్లీమీటరు లోపే దిగినప్పుడు కోసి తీసేస్తే, పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై మందికి పైగా బతికే ఉంటారు. అది లోతుకు దిగేకొద్దీ లింఫు నాళాల్లోకి, రక్తంలోకి కణాలు జారిపోతాయి. మొదట గజ్జల్లో బిళ్ల కట్టవచ్చు. తర్వాత ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు, ఎముకలు. ఎముకల్లో క్యాన్సర్లకు బాగా ఇష్టమైన చోటు వెన్ను. వెన్నుపూసల్లో రక్తం తయారుచేసే ఎర్ర మజ్జ ఎక్కువ. పైగా వెన్ను చుట్టూ ఉన్న సిరల్లో కవాటాలు ఉండవు. దగ్గినా, ముక్కినా, బరువెత్తినా వాటిలో రక్తం అటూ ఇటూ నడుస్తుంది. 1940లో ఆస్కార్ బ్యాట్సన్ అనే అమెరికా అనాటమీ నిపుణుడు ఈ సిరల దారిని వివరించాడు. ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుని కూడా కణాలు నేరుగా వెన్నుకు చేరగలవని అప్పుడే అర్థమైంది.

చేరాక అది వేసే వేషాలు చాలా.

అన్నిటికంటే మామూలు వేషం నడుం నొప్పి. అసలు చిక్కు అక్కడే ఉంది. నడుం నొప్పి రాని మనిషి లేడు. నూటికి తొంభై తొమ్మిది మందిలో అది కండరాలదో, డిస్కుదో. అయితే క్యాన్సర్ నొప్పికి ఒక గుణం ఉంది. పడుకుంటే తగ్గదు, పైగా రాత్రిళ్లు పెరుగుతుంది. రోగి లేచి కూర్చుని తెల్లవార్లూ గడుపుతాడు. వీపు మధ్యలో వచ్చినప్పుడు ఛాతీ చుట్టూ తాడు బిగించినట్టుంటుంది. ఇలా చెప్పిన రోగికి ఈసీజీ తీసి, గుండె బాగానే ఉంది గ్యాస్ అని పంపేసిన సందర్భాలు మాకు కొత్త కాదు.

రెండోది, పూస ఒక్కసారిగా కుంగిపోవడం. బిందె ఎత్తుతుంటే ‘కటుక్కుమంది’ అంటారు. ఎక్స్‌రేలో పూస నలిగి కనిపిస్తుంది. అరవై ఏళ్ల ఆడమనిషి అయితే ‘ఎముకలు గుల్లబారాయి’ అని క్యాల్షియం, బెల్టు ఇచ్చేస్తారు. చాలామందిలో అది నిజమే కూడా. కానీ క్యాన్సర్ కుంగదీసిన పూసలో ఒక తేడా ఉంటుంది. నిటారుగా తీసిన ఎక్స్‌రేలో ప్రతి పూసకూ రెండు పక్కలా గుడ్లగూబ కళ్లలా రెండు గుండ్రని నీడలు కనిపిస్తాయి. అవి పూసకు ఉండే చిన్న కాళ్ల లాంటి భాగాలు. క్యాన్సర్ ఆ కాలిని తినేసిన చోట ఒక కన్ను మాయమవుతుంది, గుడ్లగూబ కన్ను కొట్టినట్టు. వందల రూపాయల ఎక్స్‌రేలోనే కనిపించే ఆనవాలిది. చూసే కన్ను ఉండాలి.

మూడోది అరుదు, అంతే మోసకారి. మెలనోమా ఎముకను వదిలేసి, వెన్నుపాము మీద ఉండే పొరల్లోకి, దాని చుట్టూ తిరిగే నీటిలోకి చేరుతుంది. తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం వంటివి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. నడుములోంచి నీరు తీసి పరీక్షిస్తే ప్రోటీన్ ఎక్కువ, చక్కెర తక్కువ, కణాలు ఎక్కువ. టీబీ మెనింజైటిస్‌లోనూ అచ్చం ఇవే. ఆ నీటిని క్యాన్సర్ కణాల కోసం కూడా చూడమని కాగితం మీద రాసి పంపితే తప్ప ల్యాబ్ ఆ దిక్కు చూడదు. ఒకసారి తీస్తే దొరక్కపోవచ్చు కూడా. అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ తీయాల్సిందే.

నాలుగోది ఎంఆర్ఐలోనే వేసే వేషం. మెలనిన్‌కు అయస్కాంతంతో ఒక వింత సంబంధం ఉంది. మామూలు గడ్డలు టీ1 అనే చిత్రంలో నల్లగా, టీ2 అనే చిత్రంలో తెల్లగా కనిపిస్తే, మెలనిన్ నిండిన గడ్డ దీనికి తలకిందులుగా, టీ1లో తెల్లగా, టీ2లో నల్లగా కనిపించవచ్చు. టీ1లో తెల్లగా కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. కొవ్వు, పాత రక్తస్రావం, హిమాంజియోమా అనే హాని చేయని రక్తనాళాల గడ్డ. హిమాంజియోమా ఎంతోమంది వెన్నులో ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అందుకే తెల్లగా ఉన్న పూసను చూసి హిమాంజియోమా అని రాసేయడం తేలిక. తేడా చెప్పేది టీ2 చిత్రమే. నరం మొదట్లో పుట్టే మెలనోమా గడ్డ డంబెల్ ఆకారంలో పెరిగి, ష్వానోమా అనే నిదానపు గడ్డలా నమ్మించడం ఇంకో రకం. ఇక కొన్ని మెలనోమాల్లో మెలనినే ఉండదు. అప్పుడు ఎంఆర్ఐలో అది ఏ క్యాన్సరో చెప్పడం ఎవరి తరమూ కాదు.

చివరిది కాలానికి సంబంధించినది. పదేళ్ల కిందట, పదిహేనేళ్ల కిందట ఒక మచ్చ తీయించుకుని మర్చిపోయినవారిలో కూడా ఇది వెన్నులో మళ్లీ తలెత్తిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మెలనోమా రోగుల్లో సుమారు నూటికి ముగ్గురిలో మొదటి మచ్చ ఎక్కడుందో అసలు దొరకనే దొరకదు. మిగిలిన తొంభై ఏడు మందిలో అది ఎక్కడో ఒకచోట ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండి ఉంటుంది. వెతకాలి, అడగాలి.

టీబీ నీడలో

ఇక్కడ కాసేపు ఆగుదాం. మన ప్రాంతంలో ఈ జబ్బు దాక్కునే అతిపెద్ద తెర టీబీ. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. ఎముకల టీబీలో సగం వెన్నులో వచ్చేదే. కాబట్టి పూస పాడై, బరువు తగ్గి, ఈఎస్ఆర్ పెరిగి ఉన్న రోగిని చూడగానే డాక్టరుకు ముందు టీబీ గుర్తుకు రావడంలో తప్పులేదు, రావాలి కూడా. రెండు జబ్బుల్లోనూ ఆకలి మందగిస్తుంది. రెండింటిలోనూ సాయంత్రం ఒళ్లు వెచ్చబడవచ్చు. టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య ఉన్న డిస్కును కూడా పాడుచేస్తుంది, చీము కడుతుంది. క్యాన్సర్ డిస్కును వదిలేసి పూసను తింటుంది. ఇది మంచి కొండగుర్తే. కానీ డిస్కును వదిలేసే టీబీ కూడా ఉంది, అందుకని దీనిమీదే ఆధారపడి తీర్పు చెప్పలేం.

తప్పు ఎక్కడంటే, ముక్క తీసి పరీక్ష చేయకుండా ‘టీబీ మందులు మొదలుపెట్టి చూద్దాం’ అనుకోవడంలో. ‘చూద్దాం’ అన్న ఆ మాటకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఖర్చవుతాయి. టీబీ మందులు మొదట్లో నొప్పి తగ్గించకపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు, టైం పడుతుందంటారు. వెన్నులో ఉన్నది మెలనోమా అయితే ఆ ఆరు వారాలే కాళ్లు పోవడానికి చాలు.

మా వార్డుకు వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. యాభై దాటిన వ్యవసాయ కూలీ. మూడు నెలలుగా వీపు నొప్పి. ఊళ్లో సూదులు వేయించుకుంది, పట్నంలో బెల్టు కొన్నది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ చూసి, బయాప్సీ లేకుండానే టీబీ మందులు రాశారు. ఐదో వారంలో కాళ్లు బరువెక్కాయి. మా దగ్గరకు వచ్చేసరికి పట్టుకుంటే నిలబడగలదు, నడవలేదు. హౌస్ సర్జన్ అమ్మాయి పరీక్ష చేస్తోంది. కాళ్లలో పట్టు తగ్గినవారికి అరికాలిని గీసి, బొటనవేలు పైకి లేస్తుందా కిందికి వంగుతుందా అని చూస్తాం. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే వేలు పైకి లేస్తుంది. అలా గీయబోయి ఆ అమ్మాయి ఆగిపోయింది. మడమ పక్కన రూపాయి బిళ్లకంటే పెద్ద నల్లమచ్చ. అంచులు గీకినట్టు, మధ్యలో తడిగా చిన్న పుండు.

‘ఇదేంటమ్మా?’ అంటే, ‘ముల్లు దిగింది సారూ, పోయినేడు నాట్లప్పుడు. పసుపు రాత్తన్నా, మానట్లా’ అంది. ఆ మూడు నెలల్లో ఆమెను చూసినవాళ్లెవరూ ఆ కాలు చూడలేదు. వీపు నొప్పితో వచ్చిన మనిషి కాలి అడుగు ఎవరు చూస్తారు? చెప్పులు బయట విడిచి వస్తారు, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఆమె కూడా చెప్పలేదు. దానికీ వీపుకూ సంబంధం ఉంటుందని ఎవరైనా ఎందుకనుకుంటారు? అరికాలి ముక్క పరీక్షకు పంపితే మెలనోమా. వెన్నుపూస ముక్కలోనూ అవే కణాలు. స్టెరాయిడ్ ఇచ్చి, క్యాన్సర్ ఆసుపత్రికి పంపి రేడియేషన్ ఇప్పించాం. నొప్పి తగ్గింది, వాకర్ పట్టుకుని బాత్రూముకు వెళ్లగలిగింది. ఐదు నెలలు బతికింది. ముల్లు అనుకున్న ఏడాది కిందటి ఆ మచ్చ అప్పుడే ఎవరి కంటనైనా పడి ఉంటే, పది నిమిషాల ఆపరేషన్‌తో పోయేదో ఏమో చెప్పలేను. వెన్ను దాకా వచ్చి ఉండకపోవడానికి మంచి అవకాశమైతే ఉండేది.

కాళ్లు పోతే తిరిగి రావు

వెన్నుపాము మీద గడ్డ ఒత్తడాన్ని మేం గుండెపోటులాంటి అత్యవసర పరిస్థితిగా చూస్తాం. చికిత్స మొదలయ్యే సమయానికి రోగి నడవగలుగుతున్నాడా లేదా అన్నదాన్ని బట్టే తర్వాత నడుస్తాడా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది. నడుస్తూ వచ్చినవారిలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయి రోజులు గడిచాక వచ్చినవారిలో లేచి నడిచేవారు కొద్దిమందే.

మొదటి మందు డెక్సామెథసోన్. కొద్ది రూపాయల ఇంజెక్షన్, పీహెచ్‌సీలో కూడా దొరుకుతుంది. అది పాము చుట్టూ వాపు తగ్గించి కొంత సమయం కొనిపెడుతుంది. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకునేది మాత్రం కాదు. షుగర్ అదుపు తప్పుతుంది, లోపల టీబీ ఉంటే రెచ్చిపోతుంది. ఆ తర్వాత మొత్తం వెన్నుకు ఎంఆర్ఐ. నొప్పి ఉన్నచోటు ఒక్కటే తీయిస్తే పైన ఇంకోచోట ఉన్న రెండో గడ్డ తెలియకుండా పోతుంది. ఆపై ఆపరేషనా, రేడియేషనా, రెండూనా అన్న నిర్ణయం. ఒకేచోట ఒత్తిడి ఉండి, ఆపరేషన్ తట్టుకోగల రోగుల మీద అమెరికాలో రాయ్ ప్యాచెల్ బృందం చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవారిలో 84 శాతం మంది నడవగలిగితే, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 57 శాతం మందే నడిచారు.

మనలాంటి చోట్లకు ఇంకా ఎక్కువ పనికొచ్చే సమాచారం 2019లో వచ్చిన స్కోరాడ్ అధ్యయనంలో ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 686 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి ఒకే ఒక్కరోజు, కొందరికి ఐదు రోజులు రేడియేషన్ ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత నడవగలుగుతున్నవారు ఒకరోజు వర్గంలో 69 శాతం, ఐదు రోజుల వర్గంలో 73 శాతం. గణాంకాల లెక్కలో రెండూ సమానమని తేల్చడానికి కొద్దిలో కుదరలేదు. అయినా అనంతపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి, లాడ్జి అద్దె భరించలేక మధ్యలో వెళ్లిపోయే కుటుంబానికి ఒక్కరోజు చికిత్స అనేది ఎంత పెద్ద వెసులుబాటో డాక్టరుకు తెలియాలి. మెలనోమా రేడియేషన్‌కు కొంచెం మొండి జబ్బు, ఒక్కో విడతకు ఎక్కువ మోతాదు ఇవ్వడం మేలని క్యాన్సర్ నిపుణులు భావిస్తారు. అది వాళ్లు తేల్చాల్సిన విషయం.

ఇప్పుడు మొదట చెప్పిన వార్తకు వద్దాం. డే కేర్ కేంద్రం అంటే కొన్ని మంచాలు, సెలైన్ స్టాండ్లు, శిక్షణ పొందిన నర్సు. కీమో సాయంత్రానికి ముగించుకుని ఇంటికి వెళ్లొచ్చు. దాన్ని తక్కువ చేయను. కానీ అందులో రేడియేషన్ యంత్రం ఉండదు. చాలా జిల్లాల్లో రాత్రిపూట ఎంఆర్ఐ తీసేవారుండరు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఇంకా కొన్ని పెద్దాసుపత్రులు, బోధనాసుపత్రులు. వెన్నుపాము నొక్కుకుపోతున్న రోగికి ఇవే దిక్కు. శుక్రవారం సాయంత్రం కాళ్లు బరువెక్కిన రోగి సోమవారం దాకా ఆగి ఓపీ చీటీ రాయించుకునే పద్ధతి మారాలంటే కొత్త భవనాలు అక్కర్లేదు. గుండెపోటుకూ పక్షవాతానికీ ఉన్నట్టు, జిల్లా ఆసుపత్రి నుంచి రేడియేషన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా ఫోన్ చేసి పంపే ఏర్పాటు ఒకటి కావాలి.

కొత్త మందులు ఎంతవరకు?

మెలనోమా చికిత్స గత పదిహేనేళ్లలో మారినంతగా మరే క్యాన్సర్ చికిత్సా మారలేదేమో. 2011కు ముందు ఒళ్లంతా పాకిన మెలనోమాతో ఏడాది గడవడమే కష్టం. శరీర రక్షణ కణాలకు పడిన బ్రేకును తీసేసే మందులు ఆ ఏడాది నుంచి వరుసగా వచ్చాయి. ఆ బ్రేకులను కనిపెట్టిన జేమ్స్ అలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ దక్కింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015 ఆగస్టులో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా మెదడుకు చేరిందని తేలింది. రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నారు. నూరేళ్లు నిండాకే, 2024 డిసెంబరులో చనిపోయారు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులు కలిపి తీసుకున్నవారిలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారని 2024లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

ఈ అంకెలు చదివి ఆశపడే ముందు రెండు మాటలు. ఆ అధ్యయనాల్లో ఉన్నవారు ఎక్కువగా తెల్లజాతి వారు, వారిది ఎండ వల్ల వచ్చిన మెలనోమా. అరికాలి రకం ఈ మందులకు అంత బాగా లొంగదు. బీఆర్‌ఏఎఫ్ అనే జన్యుమార్పు ఉంటే పనిచేసే మాత్రలు కూడా మన రోగుల్లో తక్కువమందికే సరిపోతాయి, ఎందుకంటే అరికాలి రకంలో ఆ మార్పు తక్కువ. ఇక ఇమ్యునోథెరపీ పనిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది. నొక్కుకుపోతున్న వెన్నుపాము అన్నాళ్లు ఆగదు.

ధర సంగతి తెలిసిందే. సుంకం ఎత్తేసినా పెంబ్రోలిజుమాబ్ కోర్సు లక్షల్లోనే ఉంటుంది. తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు ఇచ్చినా మేలు కనిపించిందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2022లో చూపించారు. ఏడాది బతికినవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. అది మెలనోమాలో చేసిన పరీక్ష కాదు, అయినా మన దేశానికి కావలసిన పరిశోధన ఏ దిశలో ఉండాలో చెబుతుంది.

ఫారంలో ఉన్న ప్రశ్న

ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే ఇంటింటి పరీక్షల్లో చూసే క్యాన్సర్లు మూడు. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. మన దేశంలో ఎక్కువగా వచ్చేవి అవే కాబట్టి ఆ ఎంపిక సరైనదే. మెలనోమా కోసం విడిగా ఇంటింటికీ తిరగమని నేను అడగను, అంత అరుదైన జబ్బుకు అది దండగ ఖర్చు.

కానీ ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చి నింపే ఫారం ఒకటుంది, సీబ్యాక్ అంటారు. అందులో చర్మం మీద మచ్చలు, గడ్డలు ఉన్నాయా, అరచేతుల్లో అరికాళ్లలో మానకుండా పుండు పడుతోందా అన్న ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. కుష్ఠు కోసం పెట్టిన ప్రశ్నలవి. స్పర్శ ఉంటే ‘కుష్ఠు కాదు’ అని అక్కడితో వదిలేస్తారు. ఆ మచ్చ నల్లగా ఉంటే, పుండు రెండు నెలలైనా మానకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు పంపండి అన్న ఒక్క వాక్యం శిక్షణలో చేరిస్తే చాలు. షుగర్ రోగుల పాదాలను ఎన్‌సీడీ క్లినిక్‌లలో ఎలాగూ చూడాలి. చూసే కళ్లు ఉన్నాయి, ఫారం ఉంది. చూసిన దాన్ని ఎక్కడికి పంపాలన్నదే లేదు. డే కేర్ కేంద్రానికి పెట్టే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రానంత చిన్నది.

మీరు చూసుకోవాల్సినవి

అరికాలు, మడమ, వేళ్ల సందులు, అరచేతులు, గోళ్లు. నెలకోసారి కాళ్లు కడుక్కున్నాక వెలుతురులో చూడండి. పెద్దవాళ్లకు వంగి చూసుకోవడం కుదరదు, ఇంట్లో వాళ్లే చూడాలి. కొత్తగా వచ్చిన నల్లమచ్చ, పెరుగుతున్న మచ్చ, రంగులు కలగాపులగంగా ఉన్నది, రక్తం చెమర్చేది, ముల్లు అనుకున్నది రెండు నెలలైనా మాననిది చూపించాల్సినవి. నల్లగా లేకుండా ఎర్రని కండలా పెరిగినా అనుమానించాలి. గోళ్ల విషయంలో కంగారు పడకండి, మన రంగు వారికి చాలా గోళ్ల మీద సన్నని గోధుమరంగు గీతలు సహజంగానే ఉంటాయి. ఒకే గోటి మీద కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, గోరు దాటి చర్మం మీదికి నలుపు పాకుతున్న గీత వేరు. దాన్ని చూపించాలి.

నడుం నొప్పి ఉన్నవారు రాత్రిపూట పెరిగే నొప్పి, కాళ్లలో తిమ్మిరి, మెట్లెక్కడం కష్టం కావడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకండి. అదేరోజు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నులో టీబీ అని చెబితే, మందులకు ముందు ముక్క పరీక్ష చేయించారా, దాన్ని టీబీ కోసం, క్యాన్సర్ కోసం రెండింటికీ పంపారా అని అడగండి. అడగడం మీ హక్కు, మంచి డాక్టరు దానికి నొచ్చుకోడు. ఎప్పుడో మచ్చ తీయించుకుని ఉంటే, అది మామూలు పుట్టుమచ్చే అని చెప్పినా సరే, ఆ మాట వెన్ను డాక్టరుకు చెప్పండి.

చివరిగా ఒకటి. ఆనెకాయ అనో, పులిపిరి అనో ఎక్కడైనా కాలి మీది నల్లటి దాన్ని కోసి తీస్తుంటే, ఆ ముక్కను చెత్తబుట్టలో పడేయనివ్వకండి. కాల్చేయనివ్వకండి, యాసిడ్ పూయనివ్వకండి. చిన్న సీసాలో ఫార్మాలిన్ పోసి అందులో వేయించి, బోధనాసుపత్రి పాథాలజీ విభాగానికి మీరే తీసుకెళ్లండి. వచ్చిన రిపోర్టును రేషన్ కార్డు, ఆధార్ దాచే కవర్లోనే దాచండి.